కథతో పాటు దారి కూడా మన చేతిలో ఉండాలి
(ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు, తాండాల నుంచి వచ్చిన నాయక్‌లకు, కారోబారీలకు, యాడీ బాపులకు, వెనక వరుసల్లో ఫోన్లు పట్టుకుని కూర్చున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు రాం రాం.

ఆ ఫోన్ల గురించే మాట్లాడతాను. ఫోన్లో కథ రికార్డు చేసి, వినేవాళ్లకు నేరుగా ఎట్లా అమ్ముకోవాలన్నదే ఇవాళ నా విషయం.

ముందుగా ఒక పాత సంగతి. మన పూర్వీకులు లదేణీ మీద బతికినవాళ్లు. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దేశమంతా తిరిగి అమ్మేవాళ్లు. ఏ ఊళ్లో ఎవరికి ఏం కావాలో వాళ్లకు తెలుసు. తర్వాత రైలు వచ్చింది. మన తాండూరు, వికారాబాద్ మీదుగా పోయే వాడి–సికింద్రాబాద్ లైను 1874లో పూర్తయింది. దేశంలో ఇట్లాంటి లైన్లు పడుతున్నకొద్దీ, ఉప్పు మీద తెల్లోళ్ల సర్కారు పట్టు బిగుస్తున్నకొద్దీ మన వ్యాపారం చెదిరిపోయింది. ఉప్పు తినడం ఎవరూ మానలేదు. కొనేవాళ్ల దగ్గరికి పోయే దారి మాత్రం వేరేవాళ్ల చేతికి పోయింది.

కథల విషయంలో ఇప్పుడు మనం అట్లాంటి చోటే నిలబడ్డాం. పాకెట్ ఎఫ్ఎం, కుకు ఎఫ్ఎం రెండూ 2018లో మొదలైన కంపెనీలు. తెలుగు శ్రవణ పుస్తకాల కోసం దాసుభాషితం ఆప్ ఉంది. అంటే డబ్బు పెట్టి కథ వినే అలవాటు జనానికి వచ్చింది. ఆప్‌లకు కథలు ఇవ్వొద్దని నేను అనను. పనికి తగ్గ డబ్బు ఇస్తే తీసుకోండి. కానీ ఆప్‌లో మీ కథ విన్న మనిషి ఎవరో, ఏ ఊరో మీకు తెలియదు. రేపు మీ కథ అక్కడి నుంచి తీసేస్తే, ఆ మనిషిని మీరు ఎక్కడని వెతుకుతారు?

కోరీ డాక్టరో అని కెనడాలో పుట్టిన రచయిత ఒకాయన ఉన్నారు. అమెజాన్ వాళ్ల ఆడిబుల్ కొన్న పుస్తకానికి డిజిటల్ తాళం వేస్తుందని, తన పుస్తకాలు అక్కడ పెట్టనన్నారు. 2020లో ‘అటాక్ సర్ఫేస్’ అనే నవల ఆడియోను కిక్‌స్టార్టర్ ద్వారా పాఠకులకే ముందస్తుగా అమ్మితే రెండున్నర లక్షల డాలర్లకు పైగా వచ్చాయి. ఆ డబ్బు చూసి ఆశపడకండి. ఆయన ఏళ్ల తరబడి పాఠకులను కూడగట్టుకున్నారు. మనం నేర్చుకోవలసింది అది.

ఇక లెక్క చూద్దాం. కందులు యార్డుకు తోలితే అడ్తి ఎంత, హమాలీ ఎంత అని మన నాన్నలు పైసలతో సహా అడుగుతారు. మనమూ అడగాలి. కథ వెల 50 రూపాయలు అనుకోండి. ఫోన్ ఆప్‌లో డిజిటల్ సరుకు అమ్మితే ఆప్ స్టోర్లు సాధారణంగా 15 నుంచి 30 శాతం పట్టుకుంటాయి. 30 శాతమైతే మీకు మిగిలేది 35. బ్యాండ్‌క్యాంప్ సైటులో 15 శాతం కోత, పైన చెల్లింపు ఖర్చులు. మీ బ్యాంకు ఖాతాకు యూపీఐతో నేరుగా వస్తే 50కి 50. వంద మంది కొంటే ఐదు వేలు. ఆ వంద మందిని వెతుక్కునే పని మాత్రం మీదే. నేరుగా అమ్మడంలో కష్టమంతా అక్కడే ఉంది.

మన వంద మంది ఎక్కడున్నారు? 2011 జనగణనలో లంబాడీ మాతృభాష అని చెప్పినవాళ్లు 32 లక్షలకు పైనే. ఆ లెక్కను హిందీ కింద కలిపేశారు కాబట్టి పైకి కనబడదు. పని కోసం హైదరాబాద్, పుణె, ముంబై పోయినవాళ్లు తాండాకో ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. రాత్రి పని దిగాక గోర్ బోలీలో ఒక కథ చెవిన పడితే వాళ్లకు ఎట్లా ఉంటుందో ఆలోచించండి. తీజ్‌కు వాళ్లు ఇంటికి వస్తారు. మీ క్యూఆర్ కోడ్ కాగితం పట్టుకుని అప్పుడు వాళ్ల ముందు ఉండండి.

చేసే పద్ధతి చెప్తాను. పాలిషింగ్ మిషన్లు ఆగిన రాత్రివేళ, గోడలకు బొంతలు వేలాడదీసి రికార్డు చేయండి. గది మోత తగ్గుతుంది. ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తప్పులు కత్తిరించండి. 64 కేబీపీఎస్‌లో పెడితే అరగంట కథ 15 ఎంబీ దాటదు, వాట్సాప్‌లో సులువుగా పోతుంది. మొదటి భాగం ఊరికే వినిపించండి, మిగతా భాగాలకు వెల పెట్టండి. వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మందికే పోతుంది, అదీ మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే. అందుకని ముందు నంబరు సేవ్ చేయించండి. కొన్నవాళ్ల పేరు, ఊరు, ఏ కథ నచ్చిందో వాళ్లను అడిగి ఒక నోటుబుక్కులో రాసుకోండి. ఫోన్ పోయినా ఆ పుస్తకం ఉంటుంది. ఎవరో ఫార్వర్డ్ చేస్తారని భయమా? చేస్తారు. ఫైలు మొదట్లో, చివర్లో మీ పేరు, యూపీఐ ఐడీ మీ గొంతుతోనే చెప్పండి. ఫార్వర్డ్ అయిన చోటికల్లా మీ అడ్రసు కూడా పోతుంది.

ఇప్పుడు సంతకం సంగతి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం మీరు సొంతంగా రాసుకున్న కథ రాసిన రోజు నుంచే మీది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. రికార్డింగ్ మీరే చేసుకుంటే దాని మీద హక్కూ మీదే. హక్కు ఇంకొకరికి పోవాలంటే రాతపూర్వకంగా సంతకం ఉండాలి. ఎన్నేళ్లకో రాయకపోతే ఐదేళ్లకే అని, ఏ ప్రాంతానికో రాయకపోతే మన దేశం వరకే అని చట్టం అంటుంది. అందుకే కొన్ని కాగితాల్లో ‘శాశ్వతంగా, ప్రపంచమంతటా’ అని ముందే అచ్చేసి ఉంటుంది. ఆ రెండు మాటలు కనబడితే ఆగండి. పద్దెనిమిది నిండనివాళ్ల ఒప్పందం చట్టం ముందు చెల్లదు. మీరు పెట్టకండి, ఇంట్లోవాళ్లకు చూపించండి.

ఇంకొకటి. తాండాలో ముసలమ్మ చెప్పిన కథ మీ ఒక్కరి సొత్తు కాదు. ఆమెను అడగండి, ఆమె పేరు చెప్పండి, వచ్చినదాంట్లో ఆమె వాటా ఆమె చేతిలో పెట్టండి. మన ఇళ్ల ముందు వంశాలు పాడిన భాట్‌లకు, ఢాడీలకు మన పెద్దలు ఉత్తచేతులు చూపలేదు. విన్నవాళ్లు చెప్పినవాళ్లకు ఇచ్చుకోవడం మనకు కొత్త కాదు.

మా హాస్టల్లో రాత్రి కరెంటు పోతే పెద్దపిల్లలు కథ మొదలుపెడతారు. లైట్లు వచ్చినా ఐదో తరగతి పిల్లలు లేవరు. కథ చెప్పే గొంతులు మన దగ్గర ఉన్నాయని నాకు అట్లా తెలుసు. ఈ తీజ్ లోపల ఒక్కొక్కరు ఒక కథ చేయండి, పది మందికి అమ్మండి. ఆ పది పేర్లున్న నోటుబుక్కు తెచ్చి నాకు చూపించండి.

జై సేవాలాల్.