కడిగి వాడే ఎయిర్ ఫిల్టర్ – కొనేముందు, కొన్నాక

(సూరత్ నగరం కతర్‌గామ్‌లో తెలుగు సైనిక కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ మధ్య మనవాళ్లు ఎక్కడ కలిసినా నన్నడిగేది ఒకటే. "సార్, ఒక్కసారి కొంటే బండి ఉన్నన్నాళ్లూ పనికొచ్చే ఎయిర్ ఫిల్టర్ ఉందట కదా, వేయించమంటారా?" అని. ఈఎంఈలో బండ్ల మధ్యే సర్వీసంతా గడిపినవాణ్ణి కాబట్టి తెలిసింది నాలుగు ముక్కలు చెబుతాను.

ముందు ఒక లెక్క. లీటరు పెట్రోలు మండాలంటే సుమారు 11 కిలోల గాలి కావాలి. అంటే దాదాపు 9,000 లీటర్ల గాలి. లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే కారు 10,000 కిలోమీటర్లు తిరిగేసరికి 6,000 ఘనపు మీటర్ల గాలి పీలుస్తుంది. మన కతర్‌గామ్ గాలి సంగతి మీకు చెప్పనక్కర్లేదు. మగ్గాల దగ్గర లేచే దారపు నూగు ఫిల్టర్ ముందే పేరుకుంటుంది, కంటికి కనబడుతుంది. అసలు ప్రమాదం కంటికి ఆనని సన్నని ఇసుక దుమ్ముతోనే. ఇక్కడి హీరా కార్ఖానాల్లో నూనెలో కలిపిన వజ్రపు పొడి తిరిగే చక్రం మీద రాయిని ఎలా అరగదీస్తుందో మీరు చూసే ఉంటారు. ఇంజిన్ ఆయిల్‌లో చేరిన ఇసుక పొడి కూడా పిస్టన్ రింగుల్ని, సిలిండర్ గోడల్ని అలాగే అరగదీస్తుంది.

ఫిల్టర్ చిన్న వస్తువని తీసిపారేయకండి. 2001లో ఒమాన్ ఎడారిలో బ్రిటిష్ సైన్యం జరిపిన సైఫ్ సరీయా-2 విన్యాసాల్లో, చాలెంజర్-2 ట్యాంకుల ఎయిర్ ఫిల్టర్లు కొన్ని నాలుగు గంటలకే మార్చాల్సి వచ్చింది. అంత పెద్ద ట్యాంకుకైనా ఊపిరి ఆడకపోతే కదలదు.

కడిగి వాడటం మనకు కొత్త కాదు. పాత జీపుల్లో ఆయిల్ బాత్ ఎయిర్ క్లీనర్ ఉండేది. మురికి నూనె పారబోసి, కడిగి, గీత వరకు కొత్త నూనె పోసేవాళ్లం. ఇప్పుడు బజార్లో దొరికేవి మూడు రకాలు. ఒకటి నూనె పట్టించిన నూలు గుడ్డ పొరలది. 1969లో అమెరికాలో మొదలైన కె అండ్ ఎన్ దీనికే పేరు పొందింది. రెండోది నూనె పట్టించిన స్పాంజిది. మూడోది నూనె అక్కర్లేని సింథటిక్ గుడ్డది.

ఎంచుకునేటప్పుడు మూడు చూడండి. మీ మోడల్, ఇంజిన్ నంబరుకు సరిగ్గా సరిపోయేదేనా? అంచు రబ్బరు బాక్సులో గట్టిగా కూర్చుంటుందా? ఐఎస్ఓ 5011 పరీక్షలో ఎంత దుమ్ము ఆపిందో కంపెనీ చెబుతోందా? మైలేజీ పెరుగుతుందని మాత్రం కొనకండి. మూసుకుపోయిన ఫిల్టర్ వల్ల ఇప్పటి ఇంజెక్షన్ పెట్రోలు బండ్లలో మైలేజీ పెద్దగా తగ్గదని, పికప్ మాత్రం తగ్గుతుందని అమెరికా ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల 2009లోనే తేల్చింది. కొత్త ఫిల్టర్ వేసినంత మాత్రాన మైలేజీ ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఇక కడగడం. నూలు ఫిల్టర్‌కు దాని క్లీనర్ పట్టించి కాసేపు ఆగాలి. తర్వాత సన్నటి ధారతో చల్లని నీళ్లు లోపలి, అంటే శుభ్రమైన వైపు నుంచి పోయాలి. పెట్రోలు, కిరోసిన్, ప్రెషర్ గాలి వద్దు. నీడలో పూర్తిగా ఆరాక, దాని నూనే ముడతల వెంట పలచగా పట్టించాలి. ఇంజిన్ ఆయిల్ పనికిరాదు. నూనె తక్కువైతే దుమ్ము లోపలికి పోతుంది, ఎక్కువైతే మాస్ ఎయిర్ ఫ్లో సెన్సర్ పాడవుతుంది. మామూలు పేపర్ ఫిల్టర్‌ను మాత్రం ఎప్పుడూ కడగకండి, మార్చేయండి.

నాకు తెలిసిన ఒక రిటైర్డ్ సోదరుడు ఫిల్టర్ కడిగి, తొందరలో బిగించారు. ఒక మూల రబ్బరు మడత పడింది. కొన్ని నెలలకు బండి ఆయిల్ తాగడం మొదలుపెట్టింది. విప్పి చూస్తే ఫిల్టర్ తర్వాతి పైపు లోపలంతా మట్టి. రింగుల పనికి ఆయన నెలల పెన్షన్ కరిగిపోయింది. అందుకే బిగించాక కొన్ని రోజులకు ఆ పైపు లోపల తెల్లగుడ్డతో తుడిచి చూడండి. గుడ్డకు దుమ్ము అంటితే ఎక్కడో సందు ఉన్నట్టే.

ఇంకో మాట. రోజూ విప్పి దులపడం మన అలవాటు. ఇక్కడ అది పనికిరాదు. కొంచెం దుమ్ము పట్టిన ఫిల్టర్ కొత్తదానికంటే బాగా వడగడుతుంది. విప్పిన ప్రతిసారీ దుమ్ము లోపల పడే అవకాశం ఉంటుంది. యూనిట్‌లో కార్ డైరీ రాసినట్టే, ఎప్పుడు చూశాం, ఎప్పుడు కడిగాం అని ఒక పుస్తకంలో రాసుకోండి.

నా సలహా ఇదీ. బండి ఎక్కువ తిరిగి, ఒకరోజు ఆపి ఫిల్టర్ ఆరబెట్టే ఓపిక ఉన్నవాళ్లు కడిగేది కొనుక్కోవచ్చు. పిల్లల చేతికో, డ్రైవర్ చేతికో బండి ఇచ్చేవాళ్లకు పేపర్ ఫిల్టరే మేలు. కంపెనీ పుస్తకంలో దుమ్ము ప్రాంతాలకు చెప్పిన గడువుకు మార్చేయండి, నిశ్చింతగా ఉండండి.

సెలవు. జై హింద్!