లిండ్మన్ దొరగారి ఓటు లెక్క



లెక్కలు వ్రాసి బ్రతుకువాడను గనుక, స్వీడన్ ప్రధాని ఆర్విద్ లిండ్మన్ చరిత్రలో నా కన్ను మొదట పడినది ఒక లెక్కమీదనే. పూర్వము ఆ దేశపు గ్రామపాలన ఎన్నికలలో ఆదాయమును, ఆస్తిని బట్టి ఓట్లుండెడివి. 1871 నాటికి 54 గ్రామములలో ఒక్కొక్క ఆసామికే సగమునకు మించిన ఓట్లు గలవు! తక్కినవారు వేసిననేమి, మానిననేమి?

లిండ్మన్ 1862లో జన్మించెను. నౌకాదళమున పనిచేసి, ఇనుప కర్మాగారములు నడిపెను. సంప్రదాయ పక్షమువాడు. ఓటుహక్కు విస్తరింప నెంచిన ఉదారవాది స్టాఫ్ 1906లో విఫలుడై దిగిపోగా, ఈయన ప్రధానియయ్యెను. పేదల ఓటుచే తాము మునిగిపోదుమని స్వపక్షీయుల భయము. లిండ్మన్ ఓటు నిచ్చెను గాని, స్థానములను దామాషాగా పంచు నియమమును జోడించెను. అల్పసంఖ్యాకులైనను తమ వంతు తమకు దక్కును. దామాషా యన్న మాట మన లెక్కల పుస్తకములకు క్రొత్త గాదు గదా!

1909లో ఆ శాసనము స్థిరపడెను. 24 ఏండ్లు నిండిన పురుషులకు, కొన్ని నిబంధనలతో, ఓటు లభించెను. గ్రామ ఎన్నికలలో ధనికుని ఓట్లు నలుబదికి తగ్గెను. నలుబది తక్కువా యని మీరడిగినచో, నా యొద్ద సమాధానము లేదు. స్త్రీలు 1921 ఎన్నికల వరకు వేచియుండిరి.

1928లో మరల ప్రధానియై రెండేండ్లుండెను. పిదప తన పక్షపు యువజనసంఘమే నాజీలవైపు మొగ్గగా, 1934 నాటికి దానితో తెగతెంపులు గావించుకొనెను. 1936 డిసెంబరు 9న లండను చెంత క్రాయ్‌డన్‌లో విమానము కూలి మరణించెను.