తల్లిదండ్రుల సేవలో ముఖప్రసన్నత



సర్వస్తుతులు అల్లాహ్‌కే. ఆయన అంతిమ ప్రవక్తపై శాంతి శుభాలు కురియుగాక.

అల్ బఖరా సూరాలోని 83వ ఆయతు, బనీ ఇస్రాయీల్ నుండి అల్లాహ్ తీసుకున్న ప్రమాణాన్ని జ్ఞాపకం చేస్తున్నది. ఏకైక ప్రభువునే ఆరాధించాలన్న ఆజ్ఞ వెంటనే తల్లిదండ్రుల పట్ల సద్వర్తన అందులో నిలిచింది. తౌరాతును అనుసరించే తెలుగువారు మనకు దూరాన లేరు. గుంటూరు ప్రాంతాన, చేబ్రోలు చెంతనున్న కొత్తరెడ్డిపాలెంలో బెనే ఎఫ్రాయిమ్ అనే యూద సమాజం సబ్బాతును పాటిస్తూ జీవిస్తున్నది.

యూద ధర్మశాస్త్రం ఈ ఆజ్ఞను చేతలుగా విడమరచింది. తల్లిదండ్రులకు అన్నపానాలు అందించాలి, వస్త్రం కప్పాలి, చేయిపట్టి నడిపించాలి. వారి స్థానంలో కూర్చోరాదు, వారి మాటను ఖండించరాదు. తండ్రికి బలిసిన కోళ్లు వండిపెట్టినా, కసరుకుంటూ పెట్టిన కుమారుడు నరకానికి పాత్రుడవుతాడని తల్మూద్ హెచ్చరిస్తున్నది. మన ఖుర్ఆన్ సైతం వృద్ధ తల్లిదండ్రుల ఎదుట విసుగుతో 'ఉఫ్' అనడాన్నే నిషేధించింది (17:23).

సోదరులారా! మనల్ని మనం ప్రశ్నించుకుందాం. పత్తి తీతలు, మిరప కోతల రోజుల్లో అలసి ఇల్లు చేరిన మనం, వసారాలో మంచం పట్టిన తండ్రి మంచినీళ్లు అడిగితే ఏ ముఖంతో అందిస్తున్నాం? ఆయన పొలాన్ని మన పేరున రాయించుకున్న తరువాత ఆయన మాటకు విలువ తగ్గలేదా? పట్నం నుండి డబ్బు పంపుతూ పలకరింపును మరచిపోలేదా? 2007లో వచ్చిన వయోవృద్ధుల చట్టం మన చేత పోషణఖర్చు కట్టించగలదు. ప్రసన్న ముఖాన్ని ఇప్పించలేదు.

నేడు నమాజు ముగించి ఇల్లు చేరగానే ముందు వారి చెంత కూర్చుందాం. గతించినవారి కోసం దుఆ చేద్దాం, వారి అప్పులు తీరుద్దాం. అల్లాహ్ మనకు ఆ భాగ్యం ప్రసాదించుగాక. ఆమీన్.