త్రాగి బండి నడిపిన కేసు - న్యాయసహాయము



మన మణుగూరు ప్రాంతమున బొగ్గు లారీలు, ట్రాక్టర్లు నడపువారు పెక్కుమంది కలరు. వారి యిండ్లకు లైసెన్సే అన్నము పెట్టుచున్నది. కావున త్రాగి వాహనము నడపవలదని ముందుగా మనవి చేయుచున్నాము.

1988 నాటి మోటారు వాహనముల చట్టము 185వ సెక్షను ప్రకారము, 100 మిల్లీలీటర్ల రక్తములో మద్యము 30 మిల్లీగ్రాములు మించినచో నేరము. ఇప్పసారాయైనను, సీమసారాయైనను లెక్క యొక్కటే. మొదటిసారికి 6 నెలల వరకు జైలు, లేక 10,000 రూపాయల జరిమానా, లేక రెండును విధింపవచ్చును.

అయినను కేసు పెట్టినంత మాత్రమున నేరము రుజువైనట్లు కాదు. అరెస్టు చేసిన 2 గంటలలో వైద్యపరీక్ష జరుపవలెను, జరుపనిచో విడువవలెను. యంత్రము చూపిన అంకె, పరీక్షించిన వేళ వ్రాసి యుంచుకొనుడు. వకీలు మొదట అడుగునవి యివియే. జరిమానాతో పోవునని యెవరో చెప్పగా విని, వకీలు నడుగక నేర మొప్పుకొనవలదు. ఒప్పుకొన్న నేరము రికార్డు కెక్కును. మరల దొరికినచో శిక్ష పెరుగును.

ఫీజుకై పొలము తాకట్టు పెట్ట నక్కరలేదు. 1987 నాటి న్యాయసేవల చట్టము క్రింద షెడ్యూల్డు కులముల, తెగల వారికి, స్త్రీలకు, నిర్బంధములో నున్నవారికి, ఆదాయముతో నిమిత్తము లేకుండ, ప్రభుత్వమే వకీలు నిచ్చును. కోయ సోదరులు దీనిని గుర్తింపవలెను. 15100 నెంబరుకు ఫోను చేసినను దారి చూపుదురు.

హక్కు నెరుగుడు, త్రాగిన నాడు బండి తాళము నింట నుంచుడు.