కొండ ఎక్కకుంటె ఇయ్యరా?

(వలస కుటుంబాల పిల్లల చదువు కోసం విద్యార్థులు, ఉద్యోగులు కలిసి జరుపుకున్న సమావేశంలో ఒక జర్నలిస్టు చేసిన ప్రసంగ పాఠం)



"హిమాలయాల మీద సైకిల్ తొక్కినవు కదా, పిల్లలకు స్ఫూర్తి కలిగేటట్టు నాలుగు మాటలు చెప్పు" అని నన్ను పిలిచిన్రు. స్ఫూర్తి సంగతి నాకు తెల్వదు. ఆ ప్రయాణంలో ఒక్క రోజు గురించి మాత్రం చెప్త. ఆ రోజు ఒక కూలీ అన్న నన్ను ఒక ప్రశ్న అడిగిండు. జవాబు చెప్పలేకపోయిన. ఆ ప్రశ్నను మీ ముందట పెట్టి పోదామని వచ్చిన.

2022 సెప్టెంబర్‌లో మనాలి నుంచి లేహ్ దాకా ఒక్కడినే సైకిల్ మీద పోయిన. రోహ్‌తంగ్ మీది పాత దారిన పోతే 470 కిలోమీటర్ల పైచిలుకు. కిలోమీటరుకు ఇంత అని మీలో చానమంది కాయితం మీద రాసిచ్చిన్రు. నారాయణపేట దిక్కు ఒక ఊళ్లో అమ్మానాయినలు బొంబాయి, పుణె బస్సెక్కిపోతే, ముసలోళ్ల దగ్గర మిగిలిపోయిన పిల్లలున్నరు. వాళ్ల పుస్తకాలకు, ఫీజులకు ఆ పైసలు. అదీ కత.

ఆరో రోజు పొద్దున సర్చు నుంచి బయల్దేరిన. హిమాచల్ సరిహద్దు అక్కడికి అయిపోతది, లద్దాఖ్ మొదలైతది. నాలుగు వేల మీటర్లకు పైన ఉంటది. మన హైదరాబాద్ ఐదు వందల మీటర్ల చిల్లర ఎత్తు. రాత్రంతా తలనొప్పి, నిద్ర లేదు. పొద్దున చూస్తే సీసాలో నీళ్లు గడ్డ కట్టినయి. ఆ రోజు పాంగ్ చేరాలె. 75 కిలోమీటర్లు దాటి ఉంటది. మధ్యలో రెండు కనుమలు, ఒకటి నకీ లా, ఇంకొకటి లాచులుంగ్ లా.

మొదటి ఇరవై కిలోమీటర్లు నది పక్కన చదునుగనే ఉన్నది. కొండ మొదట్ల వాగు దగ్గర నీళ్లు నింపుకుందామనుకున్న. లారీల వరుస వచ్చింది, దుమ్ము లేచింది, దాటెయ్యాలన్న తొందరలో మరిచిపోయిన. తప్పు నాదే. యాది వచ్చేసరికి గాటా లూప్స్ ఎక్కుతున్న.

గాటా లూప్స్ అంటే 21 మలుపులు. ఒకే కొండ ముఖం మీద నాలుగు వందల మీటర్లకు పైగా లేపుతది ఆ రోడ్డు. మీదికెళ్లి చూస్తే బతుకమ్మ పేర్చినట్టు వరుస మీద వరుస కనబడ్తది. చెట్టు లేదు, నీడ లేదు. అయిదు వేల మీటర్ల ఎత్తున గాలి ఒత్తిడి సముద్రమట్టంతో పోలిస్తే సగమే ఉంటది. ఊపిరి తీసుకున్నా తీసుకోనట్టే ఉంటది. ముప్పై సార్లు పెడలు తొక్కుడు, ఆగుడు. మళ్ల ముప్పై, మళ్ల ఆగుడు. మధ్యాహ్నం కాకముందే నాలుక అంగిలికి అతుక్కపోయింది.

ఆ మలుపుల కాడ ఒక చిన్న గుడి అసొంటిది ఉన్నది. దేవుడు లేడు. నీళ్ల సీసాలే ఉన్నయి, కుప్పలు కుప్పలుగ. ఎన్నడో చలికాలం ముందు ఒక లారీ ఇక్కడ చెడిపోయిందట. డ్రైవరు సాయం కోసం పోయిండు, క్లీనర్ పిలగాడు బండికి కావలి ఉన్నడు. మంచు పడి దారి మూసుకపోయింది. డ్రైవరు తిరిగొచ్చేసరికి పిలగాడు ఆకలికి, దాహానికి, చలికి చచ్చిపోయి ఉన్నడట. అప్పటిసంది వచ్చిపోయేటోళ్లు అతనికి నీళ్లు పెట్టి పోతరు. నిజమెంతో కల్పన ఎంతో గానీ, దారిలో అందరూ చెప్పుకునే కత ఇది. ఆ పిలగాని పేరు మాత్రం నాకు ఎవ్వరూ చెప్పలేకపోయిన్రు.

నేను దూపతోని ఆ కుప్ప ముందు నిలబడ్డ. ఒక సీసా తీసిన, మూత తిప్పిన, మళ్ల అక్కడే పెట్టిన. బతికున్నప్పుడు గుక్కెడు నీళ్లు అందనోని సీసా అది. చెయ్యి రాలేదు.

ఇంకో రెండు మలుపులు ఎక్కినంక తారు పొగ వాసన వచ్చింది. రోడ్డు పని కూలీలు. మొకాలకు గుడ్డలు కట్టుకొని కంకర ఎత్తుతున్నరు. నన్ను చూసి ఒకతను అడగకముందే డబ్బాలో నీళ్లు ఇచ్చిండు. పొయ్యి మీద నల్ల చాయ్ ఉంటే అదీ పోసిండు. ఏ ఊరు అన్న. దుమ్కా అన్నడు. జార్ఖండ్. సరిహద్దు రోడ్ల సంస్థ పనులకు ఆ సంతాల్ పరగణాల నుంచి ప్రతి ఎండకాలం మనుషులు పోతనే ఉంటరు, ఏండ్ల సంది. మన పాలమూరుకు గుంపు మేస్త్రీ ఎట్లనో వాళ్లకు 'మేట్' అట్ల. అడ్వాన్సు ఇచ్చేది అతనే, తోలుకపోయేది అతనే, కూలిలో కోత పెట్టేది అతనే.

"మీకు రాష్ట్రం వచ్చింది కదా" అన్న. 2000 నవంబర్ 15న వచ్చింది జార్ఖండ్. మనం రోడ్డెక్కిన రోజుల్లో ఎన్ని సభల్లో ఆ పేరు చెప్పుకున్నమో మీకు యాదున్నది. అతను నవ్విండు. "వచ్చింది. కరోనా అప్పుడు మా సర్కారు లేహ్ నుంచి అరవై మందిని విమానంలో ఇంటికి తెచ్చింది. రాష్ట్రం లేకుంటే ఎవరు తెస్తుండె? ఆ తర్వాత నెలలోనే మళ్ల రైలెక్కి ఇటే వచ్చినం" అన్నడు. ఆ మాటలో కృతజ్ఞత ఉన్నది, ఎత్తిపొడుపూ ఉన్నది. 2020 మే నెలాఖరున ఆ విమానం పోయిన మాట నిజం. జూన్‌లో దుమ్కా నుంచి కూలీల రైలు కదిలిన మాటా నిజం.

అప్పుడు అతను అడిగిండు, "నువ్వెందుకు తొక్కుతున్నవు?" అని. చెప్పిన. వలస పోయినోళ్ల పిల్లల కోసం, కిలోమీటరుకు ఇంత అని. కొంచెంసేపు ఆలోచించి అన్నడు:

"మేం ప్రతి ఏడు ఈ కొండ ఎక్కుతం. మా పిల్లలకు ఎవ్వరూ కిలోమీటరు లెక్కన ఇయ్యరు. నువ్వు ఒక్కసారి ఎక్కితే ఇస్తరా? నువ్వు కొండ ఎక్కకుంటె ఆ పిల్లలకు ఇయ్యరా?"

అతను ఎక్కిరించలేదు. నిజంగనే తెలుసుకుందామని అడిగిండు. చాయ్ తాగి, దండం పెట్టి, సైకిల్ ఎక్కిన.

నకీ లా ఎక్కినంక పని అయిపోయిందనిపిస్తది. జెండాలు కనబడ్తయి, రాయి పక్కన ఫొటో దిగుతం. కాని రోడ్డు మళ్ల కిందికి దిగి, ఇంకింత ఎత్తున్న లాచులుంగ్ లాకు లేస్తది. అది అయిదు వేల మీటర్లు దాటిన కనుమ. చివరి నాలుగు కిలోమీటర్లు సైకిల్‌ను తోసుకుంటనే పోయిన. 2014 జూన్ 2 రాత్రి మనం పటాకలు కాల్చినం. ఆ రాత్రి మనం నిలబడ్డది నకీ లా మీదనే అని నాకు అక్కడ అనిపించింది.

పొద్దుగూకినంక పాంగ్ చేరిన. ఎండకాలం గుడారం హోటల్ నడిపే ఒక లద్దాఖీ అమ్మ వేడి తుక్పా పోసింది. మాటల్లో తెలంగాణ అని చెప్పిన. "మాకు 2019లో వేరు పాలన ఇచ్చిన్రు, అసెంబ్లీ ఇయ్యలేదు" అన్నది. 2025 సెప్టెంబర్ 24న లేహ్‌లో రాష్ట్ర హోదా అడిగిన ఆందోళన మీద కాల్పులు జరిగి నలుగురు చనిపోయిన్రని వార్త రాస్తుంటే, నాకు ఆ గుడారమే కండ్ల ముందట మెదిలింది. అడుగుడు మొదలువెట్టినోళ్లు ఒకవైపు, వచ్చినంక మళ్ల రైలెక్కుతున్నోళ్లు ఒకవైపు. ఒకే రోజు, ఒకే రోడ్డు మీద ఇద్దరి ఉప్పూ తిన్న నేను.

మిత్రులారా, నీళ్లు, నిధులు, నియామకాలు అన్నం. సకల జనుల సమ్మెలో 42 రోజులు ఉద్యోగులు జీతం వదులుకున్నరు. అప్పుడు ఎవ్వరూ మిమ్మల్ని మెప్పించనీకి కొండ ఎక్కలేదు. మనది అనుకున్నరు, ఇచ్చిన్రు. మరి ఇప్పుడు మన పాలమూరు పిల్లగాని నోటు బుక్కుకు నేను ఊపిరి ఆడక చావొస్తేనే చెయ్యి జేబులోకి పోవుడేంది? తప్పు మీ ఒక్కరిదే కాదు. సాహసం చూపెట్టి అడిగింది నేను. ఆ పిల్లల హక్కును నా సైకిల్ ముచ్చట కింద దాచిపెట్టిన. ఫొటోలు నావి వచ్చినయి, వాళ్లవి రాలేదు.

ఆ ఏడు మీరిచ్చిన పైసలు ఆ ఊరికి చేరినయి, లెక్క మీ సంఘాలకు అప్పజెప్పిన. ఒక్క ఏడాదికి సరిపోయినయి. మరుసటి ఏడు పిల్లలు పై తరగతికి పోయిన్రు, పైసలు లేవు. "మళ్ల ఎప్పుడు తొక్కుతవు అన్నా?" అని ఫోన్ చేసిన్రు కొందరు.

తొక్కను. తొక్కకుండనే అడుగుతున్న. జీతం వచ్చిన నాడు ఉద్యోగులు ఒక పూట చాయ్ పైసలు, విద్యార్థులు ఆదివారం ఒక పూట పాఠం. అంతే. ఇంకో మాట. మేస్త్రీల అడ్వాన్సుల లెక్క, ఊరి బడిలో ఖాళీల లెక్క సర్కారును అడుగుదాం, రాష్ట్రం తెచ్చుకున్నోళ్లుగ అడుగుదాం. పిల్లల చదువు చందాల మీద నడవాల్సింది కాదు. అది నడిచే దాకా మాత్రం మనమే నడపాలె.

దుమ్కా అన్నకు నేను ఇంకా జవాబు బాకీ ఉన్న. ఈ సభ అయిపోయినంక ఆ తలుపు కాడ ఒక రిజిస్టర్ పెడ్తున్నరు. అందులో కిలోమీటర్ల కాలం లేదు. పేరు, నెలకు ఎంత, అంతే ఉన్నది.

జై తెలంగాణ.