ఇంటి గుట్టు – చేతిలో ఫోను



ఇంటి గుట్టు గడప దాటకూడదంటారు మన పెద్దలు. ఇప్పుడా గుట్టంతా అరచేతిలోని ఫోనులోకి చేరింది. పుట్టింటివారి నంబర్లు, పిల్లల ఫోటోలు, డాక్టరుగారి చీటీలు, బ్యాంకు లెక్కలు అన్నీ అందులోనే. కనుక దానిలోకి ఎవరిని రానిస్తున్నామో చూసుకోవలసిన బాధ్యత కూడా మనదే.

కొత్త యాప్ పెట్టుకోగానే అది కొన్ని అనుమతులు అడుగుతుంది. పొయ్యి మీద పాలు పొంగుతున్న తొందరలో చదవకుండానే సరే అని నొక్కేస్తాం. ఉచితమే కదా, పోయేదేముంది అనుకుంటాం. 2013లో అమెరికాలో ఒక టార్చిలైటు యాప్ సంగతి బయటపడింది. దాని పని వెలుగు ఇవ్వడం. అయితే ఫోను ఎక్కడున్నదీ ప్రకటనల కంపెనీలకు చేరవేస్తున్నదని అక్కడి ప్రభుత్వ సంస్థ తేల్చింది. దీపానికి మన చిరునామా ఎందుకు చెప్పండి?

మన దగ్గర ఇంతకన్నా ఘోరం జరిగింది. అప్పులిచ్చే కొన్ని యాప్‌లవాళ్లు, బాకీ ఆలస్యమైతే ఫోనులోని నంబర్లన్నీ తీసుకుని బంధువులకూ స్నేహితులకూ ఫోన్లు చేసి పరువు తీశారు. తెలంగాణలో ఆ అవమానం భరించలేక ప్రాణాలు తీసుకున్నవారున్నారు. 2020 డిసెంబరులో పోలీసులు పలువురిని అరెస్టు చేశారు. అప్పుల యాప్‌లు కాంటాక్టులను ముట్టుకోరాదని 2022లో రిజర్వు బ్యాంకు ఆదేశించింది. కానీ దొంగ యాప్ ఏ ఆదేశాన్ని లెక్కచేస్తుంది?

ఒక్క సంగతి గమనించండి. ఆ నంబర్ల జాబితా మనదొక్కరిదే కాదు. అందులో పక్కింటి వదినగారిది ఉంది, పెళ్లి కావలసిన మేనకోడలిది ఉంది. వారినడగకుండా మనం ఇచ్చివేయడం న్యాయమేనా?

మరి మంచి యాప్‌ను పోల్చుకోవడమెలా? ముందుగా, అది అడిగేది దాని పనికి అవసరమా అని చూడాలి. దారి చూపే యాప్ మనమున్న చోటు అడగడం సబబే. లెక్కలు కట్టే యాప్‌కు మైకు దేనికి?

తరువాత, అది ఓపెన్ సోర్సా అని చూడాలి. కట్టిన పొట్లంలోని కారంలో ఏం కలిపారో మనకు తెలియదు. మర దగ్గర నలుగురి ఎదుటా ఆడించిన కారమైతే కల్తీ చేయడం కష్టం. ఓపెన్ సోర్స్ యాప్ తయారీ విధానమంతా బయటే ఉంటుంది. మనకది చదవడం రాకపోయినా, తెలిసినవాళ్లు చదివి తప్పు పట్టుకునే వీలుంటుంది. అంతమాత్రాన తప్పే ఉండదని కాదు సుమండీ.

మాటామంతీకి సిగ్నల్ ఉంది. లాభాపేక్ష లేని సంస్థ నడుపుతోంది. పాటలకూ వీడియోలకూ వీఎల్‌సీ ఉంది. 1996లో ఫ్రాన్సు దేశపు విద్యార్థులు మొదలుపెట్టిన పని అది. ప్రకటనల బెడద లేదు. ఇంటర్నెట్ చూడడానికి ఫైర్‌ఫాక్స్ వాడవచ్చు. ఆండ్రాయిడ్ ఫోనువారికి ఇటువంటి ఓపెన్ సోర్స్ యాప్‌లను ఒకచోట దొరికించే ఎఫ్-డ్రాయిడ్ కూడా ఉంది. బ్యాంకు పనికి మాత్రం బ్యాంకువారి సొంత యాప్ తప్ప మరొకటి వద్దు.

ఉన్నవన్నీ ఒక్కరోజులో మార్చనక్కరలేదు. భోజనాలయ్యాక తీరిగ్గా సెట్టింగ్స్‌లో పర్మిషన్లనే చోట కాంటాక్టులు తెరవండి. ఏయే యాప్‌లు చూస్తున్నాయో కనిపిస్తుంది. అవసరం లేనివాటికి అనుమతి తీసేయండి. వాడని యాప్‌లను పూర్తిగా తొలగించండి. పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని ఈ పని చేస్తే వారికీ అలవాటవుతుంది.