ఫస్టియర్ లెక్కలు: కలిసి కూర్చుని నేర్చుకుందాం

 

మన సభల్లో జల్, జంగల్, జమీన్ గురించి మాట్లాడుకుంటాం. మాట్లాడుకోవాలి కూడా. ఈరోజు మాత్రం మేము మొదటి సెమిస్టర్ లెక్కల పేపరు గురించి చెప్తాం. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. కానీ మేము చూసినంతలో, డిగ్రీలోనూ ఇంజినీరింగ్‌లోనూ మన పిల్లల అడుగు తడబడేది ఇక్కడే. ఒక బ్యాక్‌లాగ్ రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. క్రెడిట్లు చాలక పై సంవత్సరానికి పంపరు. దండారికి ఇంటికొచ్చిన పిల్లవాడు తిరిగి హాస్టల్‌కు వెళ్లడు. అడిగితే ఒంట్లో బాగాలేదంటాడు. అసలు సంగతి ఎవరికీ చెప్పడు.

అప్పుడు ఊళ్లో "మనకు లెక్కలెక్కడ వస్తాయి" అంటారు. కాలేజీలో "కోటా సీటు కదా" అంటారు. రెండు మాటలూ తప్పే. ఎందుకు తప్పో చూపించడానికి ఎక్కడో దూరాన జరిగిన ఒక సంగతి చెప్తాం.

అమెరికాలో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో 1970లలో నల్లజాతి విద్యార్థులు చాలామంది మొదటి ఏడాది కాల్‌క్యులస్‌లో ఫెయిల్ అయ్యేవారు. యూరీ ట్రైస్‌మన్ అనే ఆయన కారణం ఏమిటని అధ్యాపకులను అడిగాడు. ఆసక్తి లేదన్నారు, పునాది లేదన్నారు, ఇంట్లో చదువు వాతావరణం లేదన్నారు, పేదరికం అన్నారు. ఆయన ఆ జవాబులతో ఆగలేదు. 20 మంది నల్లజాతి విద్యార్థులు, 20 మంది చైనా మూలాలున్న విద్యార్థులు ఎలా చదువుతున్నారో దగ్గరుండి చూశాడు.

నల్లజాతి పిల్లలు బాగానే కష్టపడుతున్నారు. ఇంట్లోవాళ్ల ప్రోత్సాహమూ ఉంది. కానీ దాదాపు అందరూ ఒంటరిగా చదువుతున్నారు. లెక్క ఎక్కడ తప్పిందో చెప్పేవాళ్లు లేరు. పక్కవాడికి కూడా అదే కష్టంగా ఉందని తెలియదు. తనకొక్కడికే రావడం లేదనుకుంటారు. చైనా పిల్లలు ముందు ఎవరికి వాళ్లు చేసుకుని, తర్వాత కలిసి కూర్చుని ఒకరి లెక్క ఒకరు సరిచూసుకుంటున్నారు.

ఇది చూశాక ట్రైస్‌మన్ వర్క్‌షాపులు పెట్టాడు. అవి వెనకబడినవాళ్లకు పెట్టే ట్యూషన్లు కావు. కష్టమైన లెక్కలిచ్చి చిన్న చిన్న గుంపులుగా కూర్చోబెట్టాడు. అలా చదివిన నల్లజాతి విద్యార్థుల్లో ఫెయిల్ అయ్యేవాళ్లు బాగా తగ్గారు, మంచి గ్రేడ్లు తెచ్చుకున్నవాళ్లు పెరిగారు. పిల్లలు మారలేదు, చదివే పద్ధతి మారింది.

ఆలోచించండి, ఈ పద్ధతి మనకు కొత్తదా? మన ఊళ్లో డోలు కొట్టడం, గుస్సాడీ అడుగు వేయడం ఎవరైనా గదిలో తలుపు వేసుకుని నేర్చుకున్నారా? గుంపులో నేర్చుకున్నాం. అడుగు తప్పితే పక్కనున్న దాదా సరిచేశాడు. అందులో సిగ్గేమీ లేదు. హాస్టల్‌కు వెళ్లగానే ఆ అలవాటు వదిలేసి మూలన కూర్చుంటున్నాం.

లెక్కల ఆలోచన మనది కాదనే వాళ్లకు ఇంకో మాట. మన గోండుల్లో నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవుళ్ల వాళ్లం ఉన్నాం. ప్రతి మనిషీ ఏదో ఒక సగాలో ఉంటాడు, రెండింటిలో ఉండడు. నేను నా సగావాణ్ణే. నువ్వు నా సగా అయితే నేను నీ సగా. నువ్వు, అతను ఒకే సగా అయితే, నేనూ అతనూ ఒకే సగా. సంబంధం చూసేటప్పుడు మన పెద్దలు పుస్తకం లేకుండానే ఈ లెక్క వేస్తారు. డిస్క్రీట్ మ్యాథ్స్ పుస్తకంలో దీన్నే ఈక్వివలెన్స్ రిలేషన్ అంటారు.

ఇక మనవాళ్లకు ఇబ్బంది ఎక్కడ వస్తుందో చూద్దాం. ఒకటి, భాష. ఇంట్లో గోండి, బడిలో తెలుగు, కాలేజీలో ఇంగ్లీషు. "ప్రతి ఊరికీ ఒక పటేల్ ఉన్నాడు" అనడం వేరు, "అన్ని ఊళ్లకూ కలిపి ఒకే పటేల్ ఉన్నాడు" అనడం వేరు. ఇంగ్లీషు నిర్వచనంలో "ఫర్ ఎవ్రీ", "దేర్ ఎగ్జిస్ట్స్" అనే మాటలు ముందు వెనకలైతే ఇంత తేడా వస్తుంది. అందుకే ప్రతి నిర్వచనాన్నీ ముందు గోండిలో ఒకరికొకరు చెప్పుకోండి. చెప్పలేకపోతే ఇంకా అర్థం కాలేదన్నమాట.

రెండు, పేర్లు చూసి భయపడటం. ఎం-1లో ఐగెన్ విలువలు అనగానే పేజీ తిప్పేస్తాం. మొదటి వరుసలో 2, 1, రెండో వరుసలో 1, 2 ఉన్న మాత్రిక తీసుకోండి. చివరికి వచ్చేది లామ్డా స్క్వేర్ మైనస్ 4 లామ్డా ప్లస్ 3 ఈజ్ ఈక్వల్ టు సున్నా. ఇది పదో తరగతి వర్గ సమీకరణమే. జవాబులు 1, 3. పేరు కొత్తది, పని పాతదే.

మూడు, పాత సందులు. ఎక్స్‌లో ఒకటో వంతు, వైలో ఒకటో వంతు కలిపితే, ఎక్స్ ప్లస్ వైలో ఒకటో వంతు అని రాసేస్తారు. రెండింటికీ 2 పెట్టి చూడండి. సగం, సగం కలిస్తే ఒకటి కావాలి. మీ దాంట్లో పావు వస్తుంది. ఇలాంటి తప్పు ఒంటరిగా ఉంటే నెలల తరబడి దొరకదు, స్నేహితుడి కంటికి నిమిషంలో దొరుకుతుంది.

అందుకని తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, కాలేజీలో చేరిన మొదటి వారంలోనే నలుగురైదుగురు గుంపు కట్టండి. మనవాళ్లే ఉండాలని లేదు, ఎవరినైనా కలుపుకోండి. వారానికి రెండుసార్లు, రెండేసి గంటలు కూర్చోండి. ముందు ప్రతి ఒక్కరూ సొంతంగా పావుగంట ప్రయత్నించాలి. తర్వాత ఒకరు లేచి చెప్పాలి, మిగతావాళ్లు "ఎందుకు?" అని అడగాలి. మొదటి మిడ్ పరీక్ష వరకు ఆగకుండా, ముందే ఒకసారి లెక్చరర్ గదికి గుంపుగా వెళ్లి డౌట్లు అడగండి. ఒక్కరే వెళ్లాలంటే భయం, నలుగురు వెళ్తే ధైర్యం.

సీనియర్లకు మా మనవి: జూనియర్‌కు జవాబు రాసి ఇవ్వకండి, పక్కన కూర్చోండి. తల్లిదండ్రులకు మా మనవి: సెలవులకు ఇంటికొచ్చిన పిల్లలను మార్కులు ఎన్ని వచ్చాయని అడిగే ముందు, ఎవరితో కలిసి చదువుతున్నారని అడగండి. "ఒక్కణ్ణే" అంటే ఆ రోజే మాకు చెప్పండి. లెక్కలు దాటిన మేమంతా సంఘం తరఫున వాళ్లతో కూర్చోవడానికి సిద్ధంగా ఉన్నాం. వచ్చే దండారికి ఇంటికొచ్చే ప్రతి పిల్లా, పిల్లవాడూ తిరిగి హాస్టల్ బస్సు ఎక్కాలి. మనం కోరుకునేది ఇదే.

జై సేవా! జై కొమురం భీం!